వచ్చిందా, వచ్చారా?

అపరాధ పరిశోధక నవలలో మొదట పుట్టేది నేరమని పాఠకులు తలుస్తారు. పరిశోధన చేసే వ్యక్తి స్త్రీ అయితే, తెలుగులో నేరానికంటె ముందుగా తేల్చుకొనవలసినది క్రియాపదం. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌కు ఈ చిక్కు లేదు. ‘యుగంధర్ వచ్చాడు’ అంటే చాలును. ఆ ‘డు’లో చనువూ ఉన్నది, దర్జా కూడ ఉన్నది. స్త్రీ విషయంలో అట్లా కాదు. ‘వచ్చింది’ అంటే వానకూ, బండికీ, ఆమెకూ ఒకటే ప్రత్యయం. పోనీ, ‘వచ్చారు’ అందామా, గౌరవం నిలుస్తుంది గాని మనిషి దూరమవుతుంది.

హిందీనుండి తెలుగు చేయడమే పనిగా ఇంతకాలం గడిపిన నాకు, యాభై దాటిన పిమ్మట, సొంతంగా ఒక పరిశోధకురాలిని సృష్టించి వరుసగా కథలు వ్రాయాలనే కోరిక పుట్టినది. హిందీలో ‘ఆయీ’ అంటే వచ్చినది స్త్రీ అని వెంటనే తెలుస్తుంది. దానికి ఒక్క సున్న చేరిస్తే గౌరవం కూడ అందులోనే ఇముడుతుంది. మన ‘వచ్చారు’లో గౌరవం రాగానే స్త్రీత్వం మాయమవుతుంది.

పూర్వుల నాయికలను ఒకమారు తలచుకొన్నాను. దేవకీనందన్ ఖత్రీ ‘చంద్రకాంత’లోని చపల వేషాలు మార్చడంలో దిట్ట. వంగభాషలో ప్రభావతీదేవి సరస్వతి సృష్టించిన కృష్ణ సాహసవతియైన యువతి. కల్పనా స్వామినాథన్ ఇంగ్లీషు నవలలలోని లల్లి అరవై దాటిన విశ్రాంత పోలీసు అధికారిణి. సుజాతా మాస్సీ 2018లో ప్రకటించిన నవలలో పర్వీన్ మిస్త్రీ 1921 నాటి బొంబాయి న్యాయవాది. ఘోషాలో ఉన్న వితంతువుల దగ్గరికి పురుషుడు పోలేడు గనుక, ఆ కథ ఆమె చేతికి వచ్చినది. ఈ యుక్తి నాకు ఎక్కువగా నచ్చినది. స్త్రీ కావడమే అక్కడ ఆమెకు దారి చూపినది.

నేనుండే సారం పుదుచ్చేరి పట్టణంలోనిది. ఇక్కడ స్త్రీకి మాత్రమే తెరుచుకొనే తలుపు ఏది? ఈ ఊరు 1954 నవంబరు 1న ఫ్రెంచివారి పాలననుండి మన దేశం చేతికి వచ్చినది. చట్టరీత్యా బదిలీ 1962 ఆగస్టు 16న పూర్తి అయినది. అయినా ఫ్రెంచి సైన్యంలో పనిచేసినవారికీ, వారి వితంతువులకూ పింఛను నేటికీ ఫ్రాన్సునుండి వస్తున్నది. తాము బ్రతికి ఉన్నామని వారు కాగితంమీద రుజువు చూపుతూ ఉండాలి. నా నాయిక ఆ కాగితాలు నింపిపెట్టే మనిషి. ముసలి వితంతువుల పడకగదులలోనికి అడ్డులేక వెళ్ళగలదు. పుట్టినది యానాంలో. తెలుగు ఆమెకు ఇంటిభాష, ఫ్రెంచి బడిభాష, తమిళం వీధిభాష. తక్కిన పరిశోధకులు శవంతో పని మొదలుపెడితే, ఈమె బ్రతుకు రుజువుతో మొదలుపెడుతుంది. పింఛను వస్తూనే ఉన్నది. మనిషి మాత్రం ఎవరికీ కనబడడం లేదు. అది మొదటి కథ.

ఆ కథకు కీలకం కూడ వ్యాకరణంలోనే దొరికినది. సాక్షి, ‘ఆ రాత్రి ఎవరో వచ్చారు, చీకట్లో ఆడో మగో కూడా తెలియలేదు’ అంటాడు. మరి రెండు మాటలు చెప్పి, ‘గొళ్ళెం తీసుకొని వెళ్ళిపోయింది’ అంటాడు. తెలియనివాని నోట ఆ ‘ది’ ఎట్లా వచ్చినది? ఇనస్పెక్టరుకు వినబడని ఆ ఒక్క అక్షరం ఆమెకు వినబడుతుంది. పుట్టిననాటినుండి తనను గూర్చి లోకం వాడుతున్నది ఆ అక్షరమే గదా! ఇదే చిక్కును హిందీలో అల్లితే, ‘కోయీ ఆయా’ అని మొదటనే పుంలింగం వచ్చి కూర్చుంటుంది. పాఠకుడు మగవానినే ఊహించుకొంటాడు. వంగంలో క్రియకు లింగమే లేదు గనుక సాక్షి ఈ విధంగా ఎన్నటికీ పట్టుబడడు. తెలుగులో నన్ను బాధించిన ప్రత్యయమే చివరకు నాకు సాయపడినది.

ఇక ఆమెను గూర్చి చెప్పేది ఎవరు? బ్యోమకేశ్‌కు అజిత్ ఉన్నాడు. లల్లికి మేనకోడలు సీత ఉన్నది. నా కథలను పక్కింటి కుర్రవాడు చెబుతాడు. అతడు ‘అక్క వచ్చింది’ అంటాడు. ‘అమ్మ వచ్చింది’ అని మురిసిపోయే భాషలో ఆ ‘ది’ అగౌరవం కాదు. అది ఎవరి నోట ఎట్లా వచ్చినదో చూడాలి. ఇనస్పెక్టరు మొదట ‘ఎవరది?’ అంటాడు, తరువాత ‘ఈమె’, ఆ పైన ‘ఆవిడ’, చిట్టచివరకు ‘వారు’. ఆ మెట్లన్నీ ఆమె తన బుద్ధిబలంతో ఎక్కాలి. రచయిత మొదటి పుటలోనే ‘వచ్చారు’ అని దానం చేస్తే ఆమె సంపాదించుకొనవలసినది ఏమి మిగులుతుంది?

చివరి పుటలో ఇనస్పెక్టరు గుమ్మంలో నిలిచి ‘వారు ఉన్నారా?’ అని అడుగుతాడు. కుర్రవాడు లోపలికి తిరిగి ‘అక్కా!’ అని కేక వేస్తాడు. ఆమె లేచి వచ్చేది ఆ కేకకే.