"పాము" అంటే "మామ" అని విన్న

ఈసారి పంట ముచ్చట కాదు, చెవి ముచ్చట. కొంచెం పెద్దదే, ఓపికతో చదవండి.

పోయిన నెల మా మనవరాలు కొట్టం దగ్గర నిలబడి "తాతా, పాము!" అని అరిచింది. నాకు "తాతా, మామ!" అని వినబడ్డది. ఆ రోజు మా కొడుకు పట్నం నుంచి రావాల్సి ఉండె. నవ్వుకుంట బాట దిక్కు చూసిన. పాము కట్టెల కుప్పలకు పోయింది, పిల్లకు ఏం కాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చెవుల డాక్టరు దగ్గరికి పోతే విషయం తెలిసింది. శబ్దాన్ని చెవి అందుకుంటది, దాన్ని మాటగా మార్చేది మెదడు. కర్ణభేరి కదిలితే లోపల మూడు చిన్న ఎముకలు కదులుతయి. ఆ కదలిక నత్తగుల్ల లాంటి భాగంలోకి పోతది. అక్కడ నారుమడి లెక్క సుమారు 15 వేల సన్న కణాలుంటయి. అవి కదలికను కరెంటు లెక్క మార్చి నరం ద్వారా మెదడుకు పంపుతయి.

పెద్ద మోతకు ఆ కణాలు చస్తయి. కీచుమనే సన్న శబ్దాలను పట్టేవి ముందు పోతయి. నారు చస్తే మళ్లా పోసుకుంటం, ఇవి మనిషికి మళ్లా మొలవవు. అప్పుడు ఆ, ఊ లాంటివి వినబడతయి గని ప, త, స లాంటివి జారిపోతయి. మెదడు ఆ ఖాళీని ఊకె ఉంచదు. తాను ఎదురుచూసే మాటతో నింపుతది. నేను కొడుకు కోసం చూస్తున్న, అందుకే పాము మామ అయ్యింది.

శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పేది కూడా మెదడే. రెండు చెవులకు అందిన టైములో సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ తేడాను అది లెక్క కడతది. నాకు ఎడమ చెవి ఎక్కువ మందగించింది. 25 ఏండ్లు కుడి భుజం మీదుగా నాగళ్ల దిక్కు చూసుకుంట ట్రాక్టరు నడిపిన. ఎడమ చెవి ఇంజను దిక్కే ఉండె.

"మోత అలవాటైంది, ఏం కాదు" అంటం. రాత్రి మోటరు మోతలో పడుకుంటం, కరెంటు పోయి అది ఆగితే లేస్తం. అలవాటు పడేది మెదడు. కణాలు అలవాటు పడవు.

85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు హద్దు అంటరు. 3 పెరిగితే హద్దు సగమై 4 గంటలే. మీటరు అక్కర్లేదు. చెయ్యి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే మోత ఎక్కువున్నట్టే. ట్రాక్టరు, హార్వెస్టరు, పవర్ స్ప్రేయర్ దగ్గర ఫోం ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. దూది సరిపోదు.

నేను చెవి మిషన్ పెట్టుకున్న. నవ్వేటోళ్లు నవ్వనీ. మీ ఇంట్లోవాళ్లను ఒక్క మాట అడగండి, మిమ్మల్ని ఎన్నిసార్లు పిలిస్తే పలుకుతున్నరో. మిమ్మల్ని మీరు అడుక్కుంటే లాభం లేదు, మెదడు ఖాళీలు నింపుకుంట పోతది.