బాట ఎవరి ఖాతాలో ఉంది?

చేను తాకట్టు పెట్టి అప్పు అడిగే రైతుకు మా బ్యాంకులో తప్పకుండా వేసే ప్రశ్న ఒకటుంది: "ఆ చేనికి బాట ఉందా?" పట్టా సరిగ్గా ఉండవచ్చు, బావిలో నీళ్ళు ఉండవచ్చు. బండి పోయే దారి లేకపోతే ఆ చేను విలువ అంతంతమాత్రమే. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. కానీ ఒక బాట ఎలా బతుకుతుంది, ఎలా చస్తుంది అన్నది నేను నిదానంగా ఆలోచించింది మాత్రం ఇంగ్లండు పల్లెల్లో సైకిలు తొక్కినప్పుడే.

మా అమ్మాయి, అల్లుడు రెడింగ్ పట్నంలో ఉంటారు. 2024 జూన్‌లో చూడబోయాము. అల్లుడికి గ్రావెల్ బైక్ అంటే పిచ్చి. మన దగ్గర బైక్ అంటే పెట్రోలు పోసేది కదా, ఇది అది కాదు. పందెం సైకిలులాగా కొమ్ములు వంగిన హ్యాండిల్, దానికి లావుపాటి టైర్లు. తారు రోడ్డు మీదా పోతుంది, కంకర బాట మీదా పోతుంది. "మామా, మీరూ రండి, నిదానంగానే పోదాం" అన్నాడు. హైస్కూలుకు రోజూ పది కిలోమీటర్లు తొక్కినవాణ్ణి, కాదనడానికి మనసొప్పలేదు. నాకొకటి బాడుగకు తెచ్చాడు.

రైల్లో గోరింగ్‌లో దిగి, థేమ్స్ నది మీది వంతెన దాటి, స్ట్రీట్లీ ఊరి పక్కనుంచి గుట్ట ఎక్కాము. అక్కడినుంచి రిడ్జ్‌వే పట్టుకున్నాము. గుట్టల వెన్ను మీద సాగే ఆ బాటను బ్రిటనులోకెల్లా పాతదంటారు. మందలు తోలేవాళ్ళు, వర్తకులు, సైనికులు వేల ఏళ్ళుగా నడిచిన దారి. ఏవ్‌బరీ దగ్గరి ఓవర్టన్ గుట్టనుంచి ఐవింగో బీకన్ దాకా 139 కిలోమీటర్లు. 1973లో దీన్ని జాతీయ కాలిబాటల్లో చేర్చారు. థేమ్స్‌కు పడమట సైకిలుకు హక్కుంది. తూర్పున చాలాచోట్ల నడిచేవాళ్ళకే.

నేల అంతా సుద్ద. తెల్లగా మెరుస్తుంది, వాన పడితే సబ్బులాగా జారుతుందట. మధ్యమధ్య చెకుముకి రాళ్ళు కత్తుల్లా ఉంటాయి, టైరు కోసేస్తాయి. రెండు పక్కలా బార్లీ చేలు, గొర్రెలు, పైన ఎక్కడో కనబడకుండా పాడే పిట్టలు. చక్రాల గాళ్ళు పడి, నడుమ గడ్డి పెరిగిన ఆ బాటను చూస్తే, రంగు ఒక్కటే తేడా. మన ఎర్రమట్టి బండి బాటకు తెల్లచీర కట్టినట్టుంది.

దారి చీలిన ప్రతిచోటా ఒక కొయ్య గుంజ, దాని మీద రంగు బాణం. పసుపు బాణమైతే కాలినడకకు మాత్రమే. నీలమైతే నడిచేవాళ్ళకు, గుర్రాలకు, సైకిళ్ళకు. ఊదా రంగైతే గుర్రపు బండ్లూ పోవచ్చు. ఎర్రదైతే మోటారు బండ్లకు కూడా. ఒకచోట గుర్రమెక్కిన ముసలామె ఎదురైంది. అల్లుడు సైకిలు దిగి పక్కకు నిలబడ్డాడు, నన్నూ దిగమన్నాడు. ఆమె చెయ్యెత్తి థాంక్స్ చెప్పి పోయింది. ఇదేదో మర్యాద అనుకున్నాను. "మర్యాదే కాదు మామా, చట్టం కూడా" అన్నాడు.

ఆ రాత్రి ఆ చట్టం గురించి కూర్చోబెట్టి అడిగాను, తరువాత నేనూ చదివాను. 1949 చట్టం వచ్చాక, ఊరి కౌన్సిళ్ళ వాళ్ళు తమ ఎల్లల్లోని బాటలను నడిచి చూసి జాబితా రాశారు. దాన్నిబట్టి కౌంటీలు ఖాయమైన పటాలు తయారు చేశాయి. ఆ పటంలోకెక్కిన బాట, చేను ఎవరిదైనా సరే, జనానిదే. గుర్రపు బాటల మీద సైకిలుకు హక్కు వచ్చింది 1968లో. నడిచేవాళ్ళకూ గుర్రాలకూ దారి వదలాలన్నది దానికి షరతు. ఇంగ్లండు, వేల్సులలో ఇలాంటి బాటలు రెండు లక్షల కిలోమీటర్లకు పైనే ఉన్నాయి. అయితే ఇంగ్లండులో సైకిలుకు దక్కింది సుమారు ఐదో వంతే. అందుకే అక్కడి సైకిలువాళ్ళు ముక్కలు ముక్కలుగా ఉన్న బాటలను కలిపి పెద్ద దారులు కుడుతుంటారు. 1878లో పుట్టిన వాళ్ళ సంఘం, ఇప్పుడు సైక్లింగ్ యూకే అంటారు, 2020లో వించెస్టరునుంచి బయల్దేరి వించెస్టరుకే చేరే 350 కిలోమీటర్ల చుట్టుదారిని కుదిర్చింది. ఆల్ఫ్రెడ్ రాజు పేరు పెట్టారు. రిడ్జ్‌వేలో కొంత భాగం అందులో ఉంది.

పటంలోకి ఎక్కకుండా మిగిలిపోయిన పాత బాటలూ చాలా ఉన్నాయి. 2000 నాటి చట్టం వాటికి 2026 జనవరి 1 గడువు పెట్టింది. తరువాత 2031కి జరిపారు. ఆ గడువునే ఎత్తివేస్తామని 2024 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. ఈలోగా ఎందరో మామూలు మనుషులు పాత పటాలు, పన్ను లెక్కలు తిరగేసి, ఒక్కొక్క బాటకు అర్జీ పెడుతూ వచ్చారు. జీతం లేని ఆడిటర్లన్నమాట. ఇరవై ఏళ్ళు జనం అడ్డం లేకుండా, అనుమతి అడగకుండా నడిస్తే, యజమాని దాన్ని జనానికి వదిలినట్టే అని కూడా అక్కడి చట్టం అంటుంది.

ఇరవై ఏళ్ళు అనగానే నాకు మన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం గుర్తొచ్చింది. అది మొదట్లోనే మద్రాసు రాజధానికి వర్తించింది, అంటే మా హోసూరు సీమకూ. పక్కవాడి చేలో ఇరవై ఏళ్ళు హక్కుగా నడిస్తే దారి నీది. ఇరవై ఏళ్ళు వాడకపోతే ఆ హక్కు పోతుంది. ఊరుమ్మడి బండి బాట వేరు, అది పొరంబోకు, సర్కారుది. వాడకపోయినంత మాత్రాన పోదు. కాగితం మీద పోదు, నిజమే. నేల మీద మాత్రం పోతుంది.

మా ఊరి సంతబాట అలాగే పోయింది. మా తాత ఎద్దుల బండి కట్టుకొని ఆ బాటన సంతకు పోయేవాడు. తారు రోడ్డు పడింది, బండ్లు పోయాయి, బాటలో కంప పెరిగింది. చివరికి ఎవరో లేఅవుటు వేసి నడుమ గోడ కట్టారు. గోడ లేచిన రోజు ఊళ్ళో చిన్న గొడవ కూడా కాలేదు. ఆ దారిన పోవలసినవాడు ఒక్కడూ లేకపోతే అడ్డుపడేదెవరు?

ఇంగ్లండునుంచి వచ్చాక సర్వే పటం తీయించాను. రెండు చుక్కల గీతలతో బండి బాట చక్కగా ఉంది. నంబరుంది, కొలతలున్నాయి. 'సంతబాట' అన్న పేరు మాత్రం లేదు. అది అరవంలోనూ లేదు, తెలుగులోనూ లేదు. మా ముసలివాళ్ళ నోట్లో ఉంది, అంతే. నకలు జతచేసి అర్జీ పెట్టాను. అది నడుస్తోంది.

గోడకు ఇవతల ఇంకా రెండు మైళ్ళ బాట మిగిలింది. ఆదివారాలు ఐదారుగురం దాని మీద మామూలు సైకిళ్ళతోనే తొక్కుతున్నాము. ఎనభై దాటిన మా పెద్దనాయన ఒకసారి టీవీఎస్ వెనక కూర్చొని వచ్చి, "ఇది బసవన్న మలుపు, ఇది ఎద్దులకు నీళ్ళు తాపే గుండు" అని వరుసగా చెప్పుకుపోయాడు. మా అన్న కొడుకు నోటుబుక్కులో రాసుకున్నాడు. వాడు బడిలో చదివేది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని రాశాడు.

రిడ్జ్‌వే పక్కన ఉఫింగ్టన్‌లో 110 మీటర్ల తెల్లగుర్రం ఉంది. మూడు వేల ఏళ్ళ కిందట గుట్టను తవ్వి సుద్ద నింపి గీసిన బొమ్మ. ఊరివాళ్ళు తరతరాలుగా గడ్డి పీకి కొత్త సుద్ద కొడుతున్నారు కాబట్టే కనబడుతోంది. కొన్నేళ్ళు మానేస్తే గడ్డి కప్పేస్తుంది. మన బాటలకూ, వాటిని మనం పిలిచే తెలుగు పేర్లకూ ఇంతకంటె పెద్ద రహస్యమేమీ లేదు. బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, ఈ నెల మీ ఊరి ముసలివాళ్ళను ఒక్కరినైనా వెంటబెట్టుకొని పాత బాటన ఒకసారి నడవండి. చెప్పిన పేర్లు రాసిపెట్టుకోండి. ఆ తరువాత మళ్ళీ నడవండి.