రూల్సు రాసేదాకా

ఇండియా నుంచి ఎవరు ఫోన్ చేసినా, వర్షాలూ పెళ్లిళ్లూ అయ్యాక, ఓ మాట అడుగుతారు. "అక్కడ నీలాంటివాళ్లని బాగా చూసుకుంటారటగా?" ఆ చూసుకునేవాళ్లు ఎవరో నాకు ఇప్పటిదాకా తారసపడలేదు. నిజమే, ఎలక్ట్రిక్ వీల్‌చైర్‌లో ఫ్రీమాంట్‌లోని మా ఇంటినుంచి బయల్దేరి, రైలెక్కి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఫీసు లిఫ్టు దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్తాను. పోలియో కాలికి కాలిపర్ కట్టుకుని నేను ఆర్టీసీ బస్సు మెట్టు దగ్గర నిలబడితే, నాన్న చంకలో చెయ్యేసి పైకి లేపడం చూసినవాళ్లకి ఇది అద్భుతమే. కానీ ఇక్కడి ఫుట్‌పాత్ అంచులు ఎవరి జాలికీ వాలుగా మారలేదు. కొందరు మొండివాళ్లు వెంటపడి కొట్టించారు. ఆ మొండితనం ఎక్కడ మొదలై ఎక్కడ ఫలించిందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను దిగే సివిక్ సెంటర్ స్టేషన్‌కి దగ్గర్లోనే ఒక పాత రాతి భవనం ఉంది. చిరునామా 50, యునైటెడ్ నేషన్స్ ప్లాజా. ముందు నుంచి చూస్తే మన పాత కలెక్టరాఫీసులకుండే దర్జా. 1977లో ఇందులో కేంద్ర ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ ప్రాంతీయ కార్యాలయం ఉండేది.

దానికి నాలుగేళ్ల ముందు, 1973 సెప్టెంబరులో, అధ్యక్షుడు నిక్సన్ 'రీహాబిలిటేషన్ యాక్ట్' మీద సంతకం పెట్టాడు. దాని చివర్లో 504 అని ఒక సెక్షన్. కేంద్ర ప్రభుత్వ డబ్బు తీసుకునే బడి గానీ, ఆస్పత్రి గానీ, బస్సుల సంస్థ గానీ వైకల్యం ఉందన్న కారణంతో ఎవర్నీ బయట నిలబెట్టకూడదని ఒకే ఒక్క వాక్యం. 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని మాటల్ని కొందరు కాంగ్రెస్ ఉద్యోగులు తెచ్చి ఇందులో అతికించారు. సభలో పెద్దగా చర్చే జరగలేదు.

వాక్యమైతే వచ్చింది. వివక్ష అంటే ఏమిటి? బడికి మెట్లే ఉంటే అది వివక్షా? చెవిటి విద్యార్థికి సైగల భాష చెప్పే మనిషిని పెట్టే ఖర్చు కాలేజీదా, విద్యార్థిదా? పాత భవనానికి ఎన్నేళ్ల గడువు? ఇవన్నీ ఆ ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖే రూల్సుగా రాయాలి. రాసేదాకా ఏ కాలేజీ అయినా 'చట్టం మాకూ ఇష్టమేనండీ, విధివిధానాలు రావాలి కదా' అనేసి ఊరుకోవచ్చు. (ఈ మాట మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.) నిక్సన్ పోయాడు, ఫోర్డ్ వచ్చి పోయాడు. కోర్టు చెప్పినా రూల్సు రాలేదు. ఎన్నికల్లో మాటిచ్చిన కార్టర్ వచ్చాక ఆయన మంత్రి జోసెఫ్ కాలిఫానో, మరోసారి పరిశీలించాలంటూ ముసాయిదాను మళ్లీ బల్ల మీద పెట్టుకున్నాడు. పరిశీలన పేరుతో దాన్ని నీరుగారుస్తున్నారని బయటికి పొక్కింది.

1977 ఏప్రిల్ 5న దేశంలో పలుచోట్ల ఆ శాఖ ఆఫీసుల్లోకి వికలాంగులు వెళ్లి కూర్చున్నారు. వాషింగ్టన్‌లో తిండి లోపలికి రానివ్వకపోవడంతో మర్నాటికే లేవాల్సొచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం వందకు పైగా మంది లేవలేదు. మూడున్నర వారాలు.

మన ధర్నాలు మనకి తెలుసు: టెంటు, మైకు, సాయంత్రానికి ఇళ్లకి. వీళ్లలో రాత్రి పక్కమీద మరోవైపు తిప్పడానికి మనిషి కావలసినవాళ్లున్నారు. మూత్రానికి గొట్టం వేసుకోవాల్సినవాళ్లున్నారు. ఊపిరికి యంత్రం కావలసినవాళ్లున్నారు. మందులు చెడిపోకుండా ఆఫీసులో ఏసీ గాలి వచ్చేచోట ఒక పెట్టెను టేపుతో అంటించి దాన్నే ఫ్రిజ్ చేసుకున్నారు. లోపలి ఫోన్లు కట్ చేస్తే, చెవిటివాళ్లు కిటికీల్లో నిలబడి కింద ఉన్నవాళ్లకి సైగలతో కబుర్లు పంపారు. ఆ రోజుల్లో ఆ భవనంలో అన్నిటికంటే పనికొచ్చిన భాష వాళ్లదే. మేయర్ జార్జ్ మస్కోనీ పరుపులూ, స్నానానికి నీళ్లగొట్టాలూ పంపాడు. వేడి అన్నం మాత్రం ఓక్లండ్ నుంచి నల్లవాళ్ల హక్కుల పార్టీ బ్లాక్ పాంథర్స్ పట్టుకొచ్చారు, రోజూ. లోపల కూర్చున్నవాళ్లలో బ్రాడ్ లోమాక్స్ అనే పాంథర్ కార్యకర్త ఉన్నాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో వీల్‌చైర్‌కి చేరినవాడు. తమ మనిషి లోపలుంటే పార్టీ వండిపెట్టకుండా ఉంటుందా? పాంథర్స్ అనగానే తుపాకుల ఫొటోలే చూపించేవాళ్లు ఈ అన్నం గిన్నెల్ని ఎందుకు చూపించరో నాకర్థం కాదు.

వీళ్లని నడిపించినవాళ్లలో జూడీ హ్యూమన్ ఒకరు. బ్రూక్లిన్ పిల్ల. పసితనంలోనే పోలియో. నిప్పంటుకుంటే వీల్‌చైర్ వల్ల ప్రమాదమని చిన్నప్పుడు బడిలో చేర్చుకోలేదు. చదువు పూర్తిచేసి 1970లో టీచరు లైసెన్సు అడిగితే న్యూయార్క్ కాదంది. కోర్టుకెక్కి ఉద్యోగం తెచ్చుకుంది. ఆమెతో పాటు కొందరు ఏప్రిల్ మధ్యలో వాషింగ్టన్ బయల్దేరారు. వీల్‌చైర్లెక్కే బస్సులు ఆ రాజధానిలో లేవు. యంత్రకార్మికుల యూనియన్ ఒక సామాన్ల ట్రక్కు అద్దెకి తెచ్చిపెట్టింది. కిటికీల్లేని ఆ చీకటి పెట్టెలో కూర్చుని వెళ్లి మంత్రి ఇంటిముందు కొవ్వొత్తులు పట్టుకున్నారు. ఏప్రిల్ 28న కాలిఫానో సంతకం పెట్టాడు, ముసాయిదాను పలచబరచకుండా. వాళ్లు పోరాడింది కొత్త చట్టం కోసం కాదని గమనించాలి. అప్పటికే ఉన్న చట్టానికి రూల్సు రాయించడం కోసం.

1990 జులై 26న పెద్ద బుష్ సంతకం చేసిన 'అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్' గురించి అందరికీ తెలుసు, నేను వివరంగా రాయను. దాని ఎముకలు 504 రూల్సువే.

దయకీ రూలుకీ తేడా నాకు ఏ పుస్తకం నుంచీ తెలియలేదు. కృష్ణా జిల్లాలో నేను చదివిన హైస్కూల్లో తొమ్మిదో తరగతి పైఅంతస్తులో ఉండేది. నాన్న వెళ్లి హెడ్మాస్టరు గారిని బతిమాలితే, ఆయన నిజంగా మంచి మనిషి, మా సెక్షన్ని కింద సైన్సు ల్యాబు పక్క గదిలోకి దింపించారు. నల్లబల్ల లేకపోతే మాస్టార్లే గోడకి నల్లరంగు వేయించారు. ఏడాది తిరిగేసరికి ఆయనకి బదిలీ. కొత్తాయన చెడ్డవాడేం కాదు. "ఒక్క పిల్ల కోసం టైంటేబుల్ అంతా మార్చాలా అండీ?" అన్నారు నాన్నతో. పదో తరగతంతా రోజుకోసారి గోడ పట్టుకుని ఎక్కి దిగాను. మధ్యాహ్నం అన్నానికి దిగేదాన్ని కాదు. మంచినీళ్లు తాగేదాన్ని కాదు, తాగితే దిగాల్సొస్తుంది. ఆడపిల్లలకి ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. మంచితనం హెడ్మాస్టరుతో పాటు లారీ ఎక్కి వెళ్లిపోయింది, రూలై ఉంటే బళ్లోనే ఉండేది.

అమెరికా స్వర్గమని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఇక్కడ అధికారి వచ్చి ర్యాంపులు కొలుచుకుంటూ తిరగడు. దెబ్బతిన్నవాడే కేసు వేయాలి. కాలిఫోర్నియాలో రాష్ట్ర చట్టం కింద ఒక్కో ఉల్లంఘనకి కనీస పరిహారం 4,000 డాలర్లు. దాంతో దీన్నే వృత్తిగా పెట్టుకుని ఒకే రోజు వరసగా హోటళ్ల మీద నోటీసులు పంపే లాయర్లు తయారయ్యారు. మన బిర్యానీ హోటళ్లవాళ్లు, మోటెల్ నడిపే గుజరాతీ మిత్రులు ఈ చట్టం పేరెత్తితే మండిపడతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ బాత్‌రూమ్ తలుపు వెడల్పు చట్టం వచ్చిన మూడు దశాబ్దాలకి కూడా సరిచేయని హోటల్లో నేను తినేసి ఇంటికొచ్చేదాకా ఉగ్గబట్టుకున్న సాయంత్రాలు కూడా ఉన్నాయి కదా. ఆ కోపం ఎవరి మీద చూపించాలి?

మన గుళ్ల సంగతి వేరే. 1990 చట్టం నుంచి మతసంస్థలకి మినహాయింపు ఉంది. అందుకని చెప్పులు విప్పేచోటు దాకా దర్జాగా వచ్చి, అక్కణ్నుంచి స్వామిని దూరం నుంచే చూసి వచ్చే వీల్‌చైర్లు అమెరికాలో ఉన్నాయి. తెలుగు సంఘాల సభల్లో మరీ విడ్డూరం. సన్మానానికి పిలుస్తారు, వేదికకి నాలుగు మెట్లు. "మేమెత్తి పెడతాం మేడమ్" అని నలుగురు కుర్రాళ్లు ఉత్సాహంగా వస్తారు. వీల్‌చైర్ బరువు మాత్రమే 150 కిలోలుంటుందని చెప్తే, సన్మానం కిందే కానిచ్చి ఫొటో బాగా రాలేదని బాధపడతారు.

ఇక ప్రభుత్వ భృతి. ఎస్ఎస్ఐ తీసుకునే వికలాంగుడు బ్యాంకులో 2,000 డాలర్లకి మించి దాచుకోకూడదు. ఆ అంకె 1989 నుంచి కదల్లేదు. 504 రూల్సైనా స్థిమితంగా ఉన్నాయా అంటే అదీ లేదు. 2024లో వాటిని కొత్తగా సవరిస్తే, ఆ సెప్టెంబరులో టెక్సస్ సహా 17 రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. సెక్షన్ 504 రాజ్యాంగబద్ధమే కాదని ప్రకటించమన్న అభ్యర్థన కూడా ఆ పిటిషన్లో ఉండేది. 1977 నాటివాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. హ్యూమన్ 2023 మార్చిలో పోయింది. కూర్చోవాల్సొస్తే మళ్లీ కొత్తవాళ్లే కూర్చోవాలి.

మన దేశంలో ఈ కథ జావేద్ అబీదీ లేకుండా చెప్పలేం. వెన్నెముక లోపంతో పుట్టి, పదిహేనేళ్లకే వీల్‌చైర్‌కి చేరినవాడు. ఒహాయోలోని రైట్ స్టేట్ యూనివర్సిటీలో జర్నలిజం చదివాడు. భవనం నుంచి భవనానికి భూగర్భ మార్గాల్లో చక్రాలమీదే తిరగొచ్చు అక్కడ. ఆ అలవాటుతో ఢిల్లీ తిరిగొచ్చినవాడికి ఎంత ఒళ్లు మండి ఉంటుందో ఊహించగలను. 1995 డిసెంబరులో పార్లమెంటు ముందు వికలాంగుల ప్రదర్శన నడిపించాడు, ఆ నెలలోనే వికలాంగుల హక్కుల తొలి చట్టం వచ్చింది. విమానంలోకి ఎత్తుకెళ్లే పద్ధతి పోయి ఇరుకు దారిలో పట్టే కుర్చీలు, ఆంబులిఫ్టులు రావడం వెనక ఆయన సుప్రీంకోర్టులో వేసిన కేసుంది. 2001 జనగణనలో వైకల్యం ప్రశ్న ఉండాల్సిందేనని పట్టుపట్టింది కూడా ఆయన బృందమే.

మన తెలుగువాడు శ్రీకాంత్ బొల్లాది మరో దారి. మచిలీపట్నం దగ్గర సీతారామపురం కుర్రాడు, పుట్టు అంధుడు. ఇంటర్‌లో సైన్సు చదవడం కుదరదన్నారు. కోర్టులో గెలిచి చదివాడు, తర్వాత ఎంఐటీకి వెళ్లాడు. అతని మీద సినిమా వచ్చాక అందరూ ఎంఐటీ గురించే మాట్లాడుతున్నారు. నాకైతే ఆ కోర్టు కేసే అసలు కథ.

2016లో వచ్చిన కొత్త వికలాంగుల చట్టం కాగితం మీద గట్టిదే. 21 రకాల వైకల్యాలు, ఉద్యోగాల్లో 4 శాతం, ప్రజలు వాడే భవనాలన్నిటినీ రూల్సు వచ్చిన ఐదేళ్లలో సరిచేయాలన్న గడువు. రూల్సు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే గడువు 2022 జూన్‌లో దాటిపోయింది. అడిగేవాడేడి? పైగా ఆ రూల్సులోనే ఒక మెలిక ఉంది. చట్టం 'చేయాల్సిందే' అంటే, 15వ రూలు కింద ప్రమాణాలు కేవలం సలహాల్లాగా మిగిలిపోయాయి. చూపులేని రాజీవ్ రతూరి 2005లో మొదలుపెట్టిన కేసులో సుప్రీంకోర్టు అమలు తీరును పరిశీలించమని హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని అడిగింది. వాళ్లు నివేదిక ఇచ్చారు. 2024 నవంబరు 8న కోర్టు, ఆ రూలు చట్టానికే విరుద్ధమని కొట్టేసి, తప్పనిసరిగా పాటించాల్సినవేవో మూడు నెలల్లో విడిగా రాయమంది. నాలాంటిదానికి ఇది శాన్‌ఫ్రాన్సిస్కో వార్తలా వినిపించింది. ఒకే వ్యాధి, ఒకే చోట నొప్పి.

మన రెండు రాష్ట్రాల్లో పార్టీలు పింఛను మీద పోటీ పడతాయి. తెలంగాణలో 4,016, ఆంధ్రలో 6,000. అది కావాల్సిందే, దానితోనే ఇల్లు గడిచేవాళ్లు నాకు తెలుసు. కానీ బస్సు మెట్టు ఎత్తు గురించి ఏ మేనిఫెస్టోలోనూ నేను ఒక్క లైను చూడలేదు. నెలకి ఆరువేలు చేతిలో పెట్టి, 'ఇంట్లోనే ఉండమ్మా' అన్నట్టుంటుంది.

మా పిన్ని కొడుకు ఇండియాలోనే ఉంటాడు, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి వాడిది. ఈమధ్య వీడియో కాల్ చేసి, "అక్కా, ఇక్కడ ఆఫీసుకి ర్యాంపు కట్టారు చూడు" అన్నాడు. మండలంలో ఒక ప్రభుత్వ కార్యాలయం. కొత్త సిమెంటు, నీలం రంగు బోర్డు, వీల్‌చైర్ బొమ్మ. పైన రెండు మోటారు సైకిళ్లు స్టాండు వేసి ఉన్నాయి. "టేపు పెట్టి కొలువు" అన్నాను. అరుగు ఎత్తు రెండున్నర అడుగులు, ర్యాంపు పొడవు ఎనిమిది. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి. అంటే ముప్పై. ఆ ఎనిమిదడుగుల మీద వాడు బండి ఎక్కించబోతే ముందు చక్రం గాల్లోకి లేచింది. ప్యూను పరుగెత్తుకొచ్చి పట్టుకుని, "పైకెందుకు బాబూ, కాగితమేదో నాకివ్వు, నే తెచ్చిపెడతాగా" అన్నాడట. మళ్లీ మంచితనమే.

నేను వాడికి కొలతలు వేసి అర్జీ రాయించాను. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేసే హక్కు ఆ చట్టంలోనే ఉంది. మూడు ఫొటోలు, ఒక పటం, 2016 చట్టం సెక్షన్లు. ముందు లోకల్‌గా ఇద్దామని అదే ఆఫీసులో ఇస్తే, గుమస్తా అటూ ఇటూ తిప్పి చూసి, వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ జెరాక్సు జతచెయ్యమన్నాడట.

"ర్యాంపు వాలు తప్పని చెప్పడానికి నీ కాలు ఎంత శాతమో ఎందుకురా?"

"అదే అడిగానక్కా. రూలుందన్నాడు. ఏ రూలో చూపించమన్నా. వెతుకుతున్నాడు. ఈలోపు కమిషనర్‌కి రిజిస్టర్డ్ పోస్టు పెట్టేశా, రసీదు నీకు వాట్సాప్‌లో పంపిస్తున్నా, దాచి ఉంచు."