జలపాతపద్ధతి

పునాది ముగియకుండ గోడ లేపరు. గోడ లేవకుండ కప్పు వేయరు. ఈ న్యాయమునే సాఫ్టువేరు నిర్మాణమునకును అన్వయించి, ముందు కోరికల పత్రము, పిమ్మట విశ్లేషణము, రూపకల్పన, ప్రోగ్రాముల రచన, కట్టకడకు పరీక్ష, ఇట్లు ఒకటి ముగిసినగాని మఱియొకటి మొదలిడరాదని కొందఱు విధించిరి. పడిన నీరు మరల పైకెక్కదు గనుక దీనికి జలపాతపద్ధతి యని పేరు. మేమును చాలకాలము దానికి దాసులమై యుంటిమి.

ఒక కార్యాలయమున వితంతువుల పింఛనులను కంప్యూటరున కెక్కించు పని మాకు లభించెను. నాలుగు నెలలు కోరికల పత్రము వ్రాసితిమి. పెద్దలందఱును చేవ్రాళ్లు చేసిరి. రెండుదినములకు అచ్చటి గుమాస్తా యొకామె వచ్చి, "అయ్యా, కొందఱికి రేషను కార్డులో పుట్టినవారి యింటిపేరు, భర్త మరణపత్రములో అత్తవారి యింటిపేరు ఉన్నవి. పేరునుబట్టి సరిచూచినచో వీరి గతి యేమి?" అని యడిగెను. "అమ్మా, చేవ్రాళ్లు అయిపోయినవి, ఇక మార్చుటకు వీలులేదు" అంటిమి. ఆమె మాట సరియైనదని మాకప్పుడే తెలియును; తెలిసియు నంటిమి.

ఏడాది గడచెను. నిజమైన కాగితములతో పరీక్షింపగా కట్టలు కట్టలుగా దరఖాస్తులు తిరస్కరింపబడెను. అన్నియు ఆ యింటిపేరు చిక్కే! దానిని విడదీయుటకు రూపకల్పననే కదల్పవలసివచ్చెను. క్రొత్త లెక్క వచ్చునను ఆశతో, పాత చేతిలెక్కలో దరఖాస్తులు గైకొనుట అప్పటికే మానియుండిరి. ఆ నెలలన్నియు డబ్బు అందనిది ఆ స్త్రీలకు. మా జీతము మాత్రము ఒకటవ తేదీన వచ్చుచునే యుండెను.

అటుపిమ్మట సిగ్గుపడి ఈ పద్ధతికి మూలమని చెప్పు వ్యాసమును వెదకి చదివితిమి. అంతరిక్షనౌకల సాఫ్టువేరు పనిలో అనుభవము గడించిన విన్‌స్టన్ రాయిస్ అను అమెరికా దేశస్థుడు దానిని 1970లో వ్రాసెను. అందు మెట్లుగా దిగు బొమ్మ యొకటి కలదు. లోకము ఆ బొమ్మను పట్టుకొన్నది. ఆయన యా క్రమమును నమ్మనివాడు కాడు. కాని దానిని ఉన్నదున్నట్లు నడపుట ప్రమాదకరమనియు, వైఫల్యమును పిలుచుననియు ఆ బొమ్మ వెంటనే వ్రాసెను. అంతవఱకు ఊహలో నున్నవి తొలుత అనుభవమునకు వచ్చునది కడపటి పరీక్షలోనే గనుక, అచ్చట దోషము బయటపడినచో కోరికలు సైతము కదలుననియు, కాలమును వ్యయమును రెట్టింపు కావచ్చుననియు ఆయన వాదము. ముందు చిన్న నమూనా కట్టి చూడుడనియు, కొనువానిని ఆదినుండి కలుపుకొనుడనియు సలహా యిచ్చెను. జలపాతమను మాట యందు లేనేలేదు. అది 1976లో బెల్, థేయర్ అనువారి వ్యాసములో కనబడుచున్నది. 1985లో అమెరికా రక్షణశాఖ వెలువరించిన 2167 ప్రమాణము ఈ మెట్లవరుసకు ముద్రవేసినదని పలువురు గ్రహించిరి. 1994లో దాని స్థానమున 498 వచ్చెను. సగము శ్లోకము చదివి ఆచారమని పట్టుబట్టుట మన పండితులకే చెల్లుననుకొంటిమి. ఇంజనీర్లును తక్కువవారు కారు.

పత్రములు వ్రాయుట తప్పని మా యభిప్రాయము కాదు. రాయిస్ వానిని విస్తారముగ వ్రాయుమనియే చెప్పెను. పత్రమును చూపి మనిషి నోరు మూయుటయే మేము చేసిన తప్పు.

మఱుసటి యేట అదే కార్యాలయమున వృద్ధుల పింఛనుల పని వచ్చినప్పుడు, పెద్దల గదికి పోకముందే ఆ గుమాస్తా బల్లయొద్దకు పోయితిమి. ఆమె మమ్ము ఎగదిగ చూచి, "ఈసారి చేవ్రాళ్లు కాకమునుపే వచ్చితిరా? కూర్చుండుడు, చెప్పవలసినవి చాల ఉన్నవి" అనెను.