వేపచెట్టు కింది పోలీసులు

దసరా దాటినంక మా ఊరి అంగడికి ఒక వాసనుండేది. పగిలిన సీతాఫలాల తీపి, ఎండుమిరపకాయల ఘాటు, మానేరు చేపల నీసు, వాటన్నిటి మీదుగా మా నాయినమ్మ కొంగులోంచి వచ్చే తంబాకు వాసన. వారమంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టి, కార్ఖానాలో లెక్క అప్పజెప్పి, ఆ పైసలతోనే ఆమె అంగడి చేసేది. సంచి పట్టుకుని నేను వెనక నడిచేవాణ్ణి.

మాది సిరిసిల్ల తాలూకా. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర అయినంక, ఆ ఏడే సర్కారు జగిత్యాలనూ మా తాలూకానూ కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. నాకు ఊహ తెలిసేసరికి అది పాత ముచ్చట. అంతకుముందు జవాను లాఠీ పట్టుకుని సైకిల్ మీద వచ్చి, చాయ తాగి పోయేవాడని తాత చెప్పేవాడు. నేను చూసిన పోలీసులు మాత్రం అంగడి మొదట్లో వేపచెట్టు కింద, చేపల బుట్టల పక్కన, భుజాన తుపాకులేసుకుని నిలబడేవాళ్లు. నా ఎత్తుకు వాళ్ల ముఖాలు అందేవి కావు. గొట్టం మూతే కళ్లకు ఎదురుగా ఉండేది.

ఆ తుపాకి అంగట్లో పేలగా నేనెన్నడూ చూడలేదు. అయినా పావుకిలో మిరపకాయలకు గంటసేపు గీచిగీచి బేరమాడే నాయినమ్మ, ఆ చెట్టు దగ్గర చెప్పిన ధరకే ఒప్పుకుని కదిలేది. సాంచాలు నడిపే పోరగాళ్లు అక్కడిదాకా భుజాల మీద చేతులేసుకుని వచ్చి, అక్కణ్ణుంచి విడివిడిగా నడిచేవాళ్లు. ఐదుగురు కూడితే కాల్చొచ్చని ఆ కల్లోలిత ప్రాంతాల చట్టంలో ఉందట అని ఎవరో అంటే, "ఐదుగురు కూడకుంటే అది అంగడెట్లయితదిరా?" అన్నాడు తాత.

ఓ ఎండాకాలం పోలీసు క్యాంపులోని పిల్లగాడొకడు, కోస్తా యాసవాడు, మా వాకిట్లో ఆగి మంచినీళ్లడిగాడు. నాయినమ్మ కుండలోంచి ముంచి ఇస్తూ, "గది అరుగు మీద పెట్టి తాగు బిడ్డా, పిల్లలు బెదురుతున్నరు" అంది. "కింద పెట్టకూడదు మామ్మా, పోయిందంటే నా ఉద్యోగం పోద్ది" అని తుపాకిని మోకాళ్ల నడుమ ఇరికించుకుని, అటూ ఇటూ చూస్తూనే తాగాడు. వాడు మమ్మల్ని చూసి బెదురుతున్నాడని నాయినమ్మకే ముందు అర్థమైంది. ఏ తల్లి కన్నదోనని రెండు రోజులు అదే మాట.

ఇప్పుడు విమానాశ్రయం గుమ్మంలో తుపాకి ఉన్న జవానుకే టికెట్ చూపించి లోపలికి పోతాం. మన రక్షణకేనంటారు, అక్కడ అవసరమే కావచ్చు. కూరగాయలు కొనేచోట, పిల్లలు నడిచేచోట మాత్రం అది మామూలు కాకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది. విమానాశ్రయం వరుసలో ఇప్పటికీ నా మాట దానంతటదే తగ్గుతుంది. పక్కన నా ఈడువాళ్లెవరైనా అట్లాగే మాట ఆపితే, లోపలికి పోయినంక మీది ఏ తాలూకా అని అడుగుతాను. ఇక విమానం పిలిచేదాకా అంగడి ముచ్చట్లే.