అంట్సిరాబేలో ఒక వుదియుంద్రి

మడగాస్కర్ నడిభాగంలోని మిట్టనేలలలో పెళ్లి చర్చిలో మొదలుకాదు. వధువు ఇంటి ముందుగదిలో ఇరుపక్షాల వక్తలు ఎదురెదురుగా నిలిచి సాగించే మాటల వ్యవహారంతో మొదలవుతుంది. ఈ వేడుకకు వుదియుంద్రి అని పేరు. మలగాసీ భాషలో ‘వుది’ అంటే వెనుకభాగం, ‘ఉంద్రి’ అంటే గొర్రె. కోసిన జీవంలో ఆ భాగం పెద్దలకు దక్కవలసిన గౌరవం కనుక, పిల్లను అడగడానికి వచ్చినవారు దానిని ఆమె తల్లిదండ్రులకు సమర్పించడం పూర్వాచారం. ఇప్పుడు గొర్రెకు బదులు కవరులో డబ్బు వస్తున్నా పేరు మాత్రం మారలేదు. తెలుగునాట ఒకప్పుడు అనేక కులాలలో ఉండిన ఓలిని ఇది గుర్తుకు తెచ్చినప్పటికీ, దీనిని పిల్లకు కట్టిన వెలగా భావించడం పొరపాటు. కవరులోని మొత్తం కంటె దానిని అందించేటప్పుడు పలికిన మాటలకే అక్కడ లెక్క ఎక్కువ.

రాజధాని అంటనానరివోలోని ఒక క్రైస్తవ పాఠశాలలో పనిచేయడానికి ఆంధ్రదేశం నుంచి వెళ్లిన మిషనరీ దంపతులకు, అదే బడిలో పాఠాలు చెప్పే ఒక యువతి పెళ్లిపిలుపు అందినప్పుడు, వారు ఊహించుకున్నది శనివారంనాటి చర్చి ఆరాధనను మాత్రమే. అసలు పిలుపు దానికి ముందురోజు ఇంట్లో జరిగే వుదియుంద్రికని తర్వాత తెలిసింది. తెలుగు క్రైస్తవులకు సముద్రాలు దాటిన సేవ కొత్త కాదు. నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య 1903లోనే దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లారు. అయితే అక్కడ ఆయన కోసం ఎదురుచూసినవారు చెరకుతోటలలో, తేయాకుతోటలలో కూలికి వెళ్లిన తెలుగువారే కాబట్టి, ఆయనకు మాట కరువు కాలేదు. ఈ దంపతులకు ఆ సదుపాయం లేదు. పైగా బజారులో వారిని చూసినవారు కరానాలని అనుకునేవారు; తరతరాలుగా అక్కడ వ్యాపారాలు చేస్తున్న, అధికంగా గుజరాతీ మూలాలుగల భారతీయ సంతతిని అక్కడివారు పిలిచే పేరు అది.

వధువు ఊరైన అంట్సిరాబే రాజధానికి దక్షిణంగా, ఏడవ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 170 కిలోమీటర్ల దూరంలో ఉంది. టాక్సీబ్రూస్ అనే వ్యానులో, మోకాళ్లు ముందుసీటుకు ఆనుతుండగా సాగే ఆ ప్రయాణంలో ఇరుపక్కలా ఎర్రమట్టి కొండలు, వాటి వాలు వెంబడి మెట్లుమెట్లుగా దిగే వరిమళ్లు, ఎర్ర ఇటుకల మేడలు కనిపిస్తాయి. రాజధాని నగరంలో రాతితో గాని ఇటుకతో గాని ఇల్లు కట్టరాదన్న నిషేధం 1860లలో తొలగిన తర్వాతనే అటువంటి ఇళ్లు విస్తరించాయి. సగం దారిలోపే వచ్చే అంబాటులాంపి, పాత అల్యూమినియం తుక్కును కరిగించి వంటపాత్రలు పోతపోసే ఊరు. పెళ్లి విందులో అన్నం ఉడికిన గుండిగలు బహుశా ఇక్కడివే. సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున వేడినీటి ఊటల పక్కన ఉన్న అంట్సిరాబే, నార్వే మిషనరీల చేతి మీదుగా ఎదిగిన పట్టణం. పుస్‌పుస్ అనే, మనిషి లాగే రిక్షాలు ఆ వీధులలో ఇంకా తిరుగుతాయి.

శుక్రవారం ఉదయం ముందుగదిలో ఒకవైపు వరుడివారు, మరొకవైపు వధువువారు కూర్చోగా, ఒక్కొక్క పక్షం తరఫున ఒక్కొక్క మ్పికబారి లేచాడు. కబారి అంటే సభలో చేసే లాంఛనమైన ప్రసంగం, మ్పికబారి అంటే దానిలో ఆరితేరిన వక్త. యునెస్కో 2021లో ఈ కళను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వరుడి వక్త పిల్లను అడగలేదు, వచ్చిన పనినైనా చెప్పలేదు. పెద్దలుండగా తాను నోరు విప్పుతున్నందుకు, తనకంటె వయసులో పెద్దవారి వంతును తీసుకున్నందుకు, మాటలో దొర్లబోయే తప్పులకు వరుసగా క్షమాపణ కోరుతూ చాలాసేపు గడిపాడు. ‘త్సిని’ అంటే నింద. సభలో మాట్లాడేవాడి మీద అది వచ్చి పడుతుందన్న నమ్మకం వల్ల, దానిని తొలగించుకొనే ఈ భాగం లేనిదే కబారి మొదలుకాదు. తర్వాత దేవుడికి, పూర్వులకు, అధికారులకు, సభకు వందనాలు. ఆ తర్వాత ఉహబులానాలనే సామెతల మీదుగా, చుట్టుదారిలో, అసలు విన్నపం. వధువు వక్త మధ్యమధ్య అడ్డుపడి, ఫలానా మాట తప్పిందని ఎత్తిచూపగా, వరుడివారు నవ్వుతూనే జరిమానా చెల్లించారు. మన ఎదురుకోలులో వియ్యాలవారి వేళాకోళం ఎరిగినవారికి ఈ సరసం కొత్తగా తోచదు. కాని మనకు వేళాకోళం పెళ్లికి అలంకారం, అక్కడ వాదమే పెళ్లి.

అమెరికన్ భాషాశాస్త్రవేత్త ఎలినోర్ కీనన్ 1970 ప్రాంతంలో ఈ మిట్టనేలలలోని ఒక పల్లెలో పరిశోధన చేసి, నిష్ఠురం తగలని పరోక్షభాష పురుషుల సొత్తుగా, ముక్కుసూటి మాట స్త్రీల పాలిటిదిగా చెలామణి అవుతున్నదని, అందువల్ల బేరమాడడం, తప్పు చేసినవారిని నిలదీయడం స్త్రీల మీద పడుతున్నదని గమనించారు. వంటశాల వైపు వెళ్లిన మిషనరీ భార్యకు ఈ పరిశోధన తెలియదు గాని, మాంసం తక్కువ తూచిన కుర్రవాడిని అక్కడి స్త్రీలు రెండు ముక్కలలో కడిగేయడం, ఆ సమయంలో ముందుగదిలో క్షమాపణలు ఇంకా పూర్తికాకపోవడం ఆమె కళ్లారా చూసింది.

ముందుగది ప్రసంగాలలో మిషనరీ భర్తను ఇబ్బంది పెట్టినది పూర్వుల ప్రస్తావన. అయితే క్రైస్తవ దేవుడికి అక్కడ వాడే అంద్రియమానిత్ర అన్న పేరు కూడా మతప్రచారకులు తెచ్చినది కాదు. పరిమళించే ప్రభువు అనే అర్థంగల ఆ దేశ్యపదాన్ని వారు స్వీకరించారు. 1818లో డేవిడ్ జోన్స్, థామస్ బెవన్ అనే వేల్స్ మిషనరీలు తూర్పుతీరంలో దిగగా, జ్వరాల వల్ల కొద్దినెలలలోనే బెవన్ మరణించాడు. జోన్స్ 1820లో రాజధానికి చేరి బడి పెట్టాడు. 1835లో మలగాసీ బైబిల్ ముద్రణ పూర్తి కాగా, అదే ఏడు మొదటి రనవలోనా రాణి తన ప్రజలకు ఆ మతాన్ని నిషేధించింది. మిషనరీలు వెళ్లిపోయిన పాతికేళ్లలోనూ ఆ పుస్తకం చాటుమాటుగా చేతులు మారుతూ నిలిచింది. మాటకు ఇంత విలువ ఇచ్చే జాతి మధ్య అది నిలవడంలో వింత లేదు.

వేడుక ముగింపులో వధువు తండ్రి గిన్నెలోని నీటిని ఇద్దరి తలల మీద చిలకరించాడు. ఈ దీవెనకు త్సుద్రాను అని పేరు. ఏడుగురు కొడుకులు, ఏడుగురు కూతుళ్లు కలగాలన్నది దానితో వచ్చే పాత ఆశీస్సు. అది విని వధువు తల వంచుకొని నవ్వడం, కాలం మారిందనడానికి చాలు. అక్షతలకు బదులు నీళ్లు అన్నంత తేడాయే ఆ దంపతులకు కనిపించింది.

మరునాటి చర్చి ఆరాధన గురించి చెప్పవలసినది కొద్దిగానే ఉంది: నాలుగు స్వరభాగాలలో పాడిన కీర్తనలు గొప్పగా ఉన్నాయి, ప్రసంగం పొడవుగా ఉంది. విందులో మాంసం, లసారి అనే ఊరగాయ, వాటిని మించి అన్నం వడ్డించి, చివర రానువుల ఇచ్చారు. ఇది అడుగంటిన అన్నపు గుండిగలో నీళ్లు పోసి మరిగించిన పానీయం. మాడు వాసనకు మొహం చిట్లించిన భర్త, రెండో గ్లాసు తానే అడిగాడు.

అప్పుడు అతన్ని కూడా రెండు మాటలు చెప్పమన్నారు. ఏడాదిగా నేర్చిన మలగాసీని కూడగట్టుకొని, పరదేశినైనందుకు, భాష రానందుకు, పెద్దలుండగా నిలుచున్నందుకు అతను క్షమాపణతోనే మొదలుపెట్టగా, సభ హర్షంతో గోల చేసింది. వక్తల పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ మాత్రం, క్షమాపణ మరీ పొట్టిగా ఉందని మొహమాటం లేకుండా చెప్పింది.