మధ్యాహ్నం ఆట, రాత్రి ఆట

2017 దీపావళి ముందు ఒక సాయంత్రం మా అక్క ఇంటికొచ్చి, కాఫీ కూడా తాగకుండా అసలు సంగతి ఎత్తింది. "ఒరే తమ్ముడూ, చిన్నప్పట్నుంచీ ఫుట్‌బాల్ పిచ్చోడివి నువ్వు. మావాడు పైకొస్తాడా రాడా నువ్వే చూసి చెప్పు. రాడంటే ఇప్పుడే కంపెనీలో చేర్పించేస్తా. వస్తాడంటే ఇంకో ఏడాది నేనెట్లాగో ఈడుస్తా."

కంపెనీ అంటే ఒరగడం వైపు కార్లకి సామాన్లు చేసే కంపెనీ. కాంట్రాక్టు పని. తెలిసినవాళ్ళు ఒకరు చేర్పిస్తామన్నారు. మేనల్లుడికి అప్పటికి ఇరవై ఏళ్ళు. లీగ్‌లో కింది డివిజన్ జట్టు ఒకదానికి ఆడుతున్నాడు. బావ పోయి నాలుగేళ్ళయింది, వాడి చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. ఇంత బరువు నా నెత్తిన పెట్టి అక్క వెళ్ళిపోయింది. అంతవరకూ నేను ఆట చూసింది సరదాకి. ఆ సీజను మాత్రం అక్కకి జవాబు చెప్పడానికి చూశాను.

ఓటేరి నుంచి చూళై మీదుగా నడిస్తే పెరియమేడు ముప్పావు గంట. మిల్లు మూసేశాక తోళ్ళ గోడౌన్‌లో లెక్కలు రాసే పని దొరికింది కాబట్టి ఆ దారి నాకు కాళ్ళకే తెలుసు. తోళ్ళ వాసన మొదలైందంటే స్టేడియం వచ్చినట్టే. సెంట్రల్ స్టేషనుకి వెనకగా, రిప్పన్ బిల్డింగుకి అవతల, సైడన్‌హామ్స్ రోడ్డు పక్కన నెహ్రూ స్టేడియం. ఇప్పుడున్న కట్టడం 1993లో నెహ్రూ కప్పు పోటీల కోసం లేచింది. అంతకు ముందు అక్కడ కార్పొరేషన్ స్టేడియం ఉండేది. 1956 జనవరిలో న్యూజీలాండు మీద వినూ మన్కడ్, పంకజ్ రాయ్ కలిసి మొదటి వికెట్టుకి 413 పరుగులు చేసింది అక్కడే. మా నాయన కర్నాటిక్ మిల్లులో నేతపని. ఆ టెస్టుకి షిఫ్టు ఎగ్గొట్టి వెళ్ళాననీ, ఒక రోజు కూలి పోయిందనీ చెప్పేవాడు. ఆ కూలి సంగతి చెప్పేటప్పుడు కూడా నవ్వేవాడు. నన్ను మొదటిసారి లీగ్ ఫుట్‌బాల్‌కి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిందీ ఆయనే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మన పేట కుర్రాళ్ళకి ఫుట్‌బాల్ ఎందుకు పట్టుకుందో బయటివాళ్ళు అడుగుతుంటారు. ఒక బంతి ఉంటే ఇరవై ఇద్దరు ఆడొచ్చు, అది ఒక కారణం. రెండోది ఉద్యోగం. ఐసీఎఫ్, సదరన్ రైల్వే, ఇండియన్ బ్యాంకు, ఇన్‌కమ్ టాక్స్, కస్టమ్స్, ఏజీ ఆఫీసు వాళ్ళ ఏజీఓఆర్‌సీ, వీళ్ళందరికీ జట్లున్నాయి. బాగా ఆడితే స్పోర్ట్స్ కోటాలో సర్కారు ఉద్యోగం. మిల్లు ఉన్నన్నాళ్ళూ తండ్రి పోతే కొడుకు, అన్న చెబితే తమ్ముడు మిల్లులోకి వెళ్ళిపోయేవారు. 1878 నాటి బకింగ్‌హాం మిల్లు, 1881 నాటి కర్నాటిక్ మిల్లు, రెండూ కలిసిన బీ అండ్ సీ మిల్లు 1996లో మూతపడింది. ఆ తరవాత ఆ షెడ్లలో సినిమా ఫైటింగులు తీశారు. మన పిల్లలకి పర్మనెంటు అన్న మాట వినపడే చోటు ఇక మైదానమే అయింది.

అందుకే కింది లీగ్ మ్యాచ్‌లో గట్టు మీద కూచున్న పెద్దాళ్ళ మాటలు వింటే ఆట గురించి సగమే ఉంటుంది. "ఆ ఆరో నంబరువాడు బ్యాంకులో చేరిపొయ్యాడు." "ఈ పదోవాడు ఇంకా టెంపరరీయే, పాపం, పెళ్ళి కూడా ఆగింది." గోల్ పడితే చప్పట్లు కొడతారు, వెంటనే గోల్ కొట్టినవాడి వయసు లెక్క పెడతారు. ఇరవై మూడు దాటితే పెదవి విరుస్తారు. గేటు దగ్గర టికెట్ అడిగేవాడు లేడు. చూసేవాళ్ళు అరవై డెబ్భై మంది. అందులో ఇరవై మంది ఆటగాళ్ళ చుట్టాలు, మిగతావాళ్ళు రిటైరైన రైల్వేవాళ్ళు, నాబోటి పనిలేనివాళ్ళు.

మేనల్లుడి మ్యాచ్‌లు ఒక్కొక్కటి ఒక్కో మైదానంలో. ఒక చోట గడ్డి అసలు లేదు, పడితే మోకాలు చెక్కుకుపోతుంది. ఇంకో చోట ఒక మూల మేకలు కట్టేసి ఉండేవి, కార్నర్ కొట్టడానికి వెళ్ళినవాడు ముందు మేకని అదిలించాలి. బంతి గోడ దాటి పక్కింట్లో పడితే ఆ ఇల్లాలు తిట్టుకుంటూ తిరిగి విసిరేది. ఒకసారి విసరకుండా దాచేసింది. రిఫరీ స్వయంగా వెళ్ళి తలుపు కొట్టి, "అమ్మా, లీగ్ మ్యాచ్" అని బతిమాలి తెచ్చుకున్నాడు. ఆ సీజను మొత్తంలో నేను మనస్ఫూర్తిగా నవ్వింది అప్పుడే.

వాడు నడిమి భాగంలో ఆడతాడు. కాలు మంచిది, గుండె మంచిది. ఎదుటివాడి కాళ్ళ దగ్గర్నుంచి బంతి లాక్కోవడంలో భయం లేదు. మొదటి రెండు మ్యాచ్‌లు చూసి, అక్కకి "ఈడ్చు" అని చెప్పేద్దామనుకున్నా. ఎందుకో ఆగాను.

ఇక రాత్రి ఆట. ఐఎస్‌ఎల్ వచ్చాక, 2014 నుంచి, అదే నెహ్రూ స్టేడియానికి ఇంకో మొహం వచ్చింది. మధ్యాహ్నం పూట సీనియర్ డివిజన్ ఆటకి ఖాళీగా పడుండే గ్యాలరీలు రాత్రి చెన్నయిన్ జట్టు ఆటకి నీలం రంగు చొక్కాలతో నిండిపోతాయి. డప్పులు, పాటలు, సూపర్ మచాన్స్ అని కుర్రకారు గుంపు, లైట్ల వెలుగులో గడ్డి కళ్ళు చెదిరే పచ్చ. లోపల అమ్మే పాప్‌కార్న్ ధరకి బయట ఇద్దరు భోంచెయ్యొచ్చు. నేను వేరుశెనక్కాయలు జేబులో పోసుకుని వెళ్ళేవాణ్ణి. 2015లో ఈ జట్టు మొదటిసారి కప్పు గెలిచినప్పుడు మాత్రం ఊళ్ళో ఎవరికీ సంబరం చేసుకునే ఓపిక లేదు. డిసెంబరు వరదలు. మన నగరంలో జరగాల్సిన సెమీఫైనల్ పూణేకి తరలించారు. జట్టు గోవాలో కప్పెత్తుతుంటే మేం ఇంట్లో బురద కడుక్కుంటున్నాం.

2017 నవంబరు 19, ఆదివారం, సీజను మొదటి ఆట గోవాతో. వాణ్ణి కూడా తీసుకెళ్ళాను. హాఫ్ టైమ్‌కే మూడు గోల్స్ తిన్నాం. రెండు తిరిగి కొట్టినా 2-3తో ఓడిపోయాం. చుట్టుపక్కలవాళ్ళు గోల్‌కీపర్ని తిడుతుంటే వాడు మాట్లాడకుండా కూచున్నాడు. వాడి కళ్ళు మధ్యలో ఆడేవాళ్ళ మీదే ఉన్నాయి. డిసెంబరు 22న కేరళ జట్టుతో ఆటకి గ్యాలరీలో పసుపు చొక్కాలు మన నీలంతో పోటీ పడ్డాయి. సెంట్రల్‌లో రైలు దిగితే నడిచొచ్చే దూరం మరి. ఆఖరి నిమిషాల్లో మనం ఒకటి, వాళ్ళొకటి. 1-1. చలికి మఫ్లరు కట్టుకున్నా గొంతు పోయింది.

అన్ని ఆటలకీ వెళ్ళే స్తోమత నాకు లేదు. ఇద్దరికి టికెట్లు కొంటే గోడౌన్‌లో రెండు రోజుల జీతం. ఆ సీజనులో ఐదు రాత్రి ఆటలు చూశాను, పధ్నాలుగు మధ్యాహ్నం ఆటలు చూశాను. ఇంట్లో ఆవిడ లెక్క వేరేగా ఉంటుంది, అది ఇక్కడ రాయను.

అప్పట్లో చెన్నయిన్ జట్టులో ధన్‌పాల్ గణేష్ అని ఒకడుండేవాడు. మన వ్యాసర్పాడివాడు. వ్యాసర్పాడి ముల్లై నగర్ మైదానం పక్కగా వెళ్ళినవాళ్ళకి తెలుసు, అక్కడ పొద్దున్నే ఎంతమంది పిల్లలు చెప్పుల్లేకుండా బంతి వెనక పరిగెడతారో. ఆ గల్లీల్లోంచి వచ్చి, విదేశీ ఆటగాళ్ళ మధ్య నడిమి భాగం కాపలా కాసేవాడు. మేనల్లుడు ఆడేదీ ఆ చోటే. నేను బంతిని వదిలేసి అతన్నే చూడటం మొదలుపెట్టాను. టీవీలో ఇది కుదరదు, కెమెరా బంతి వెంట పోతుంది. స్టేడియంలో కూచుంటేనే బంతి లేనివాణ్ణి చూడొచ్చు.

చూస్తే ఒకటి తెలిసింది. బంతి తన దగ్గరికి రాకముందే అతను తల ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి తిప్పేస్తాడు. బంతి కాలికి తగిలేసరికి దాన్ని ఎవరికివ్వాలో తేలిపోయి ఉంటుంది. స్పిన్నింగులో పని చేసినవాళ్ళకి ఇది చెబితే అర్థమవుతుంది. మంచి పనివాడి చేతులు తెగిన పోగు అతుకుతుంటే కళ్ళు అప్పటికే తరవాతి తెగుడు దగ్గర ఉంటాయి. కొత్తవాడు చేతులకేసి చూసుకుంటూ అతుకుతాడు, ఈలోగా అవతల నాలుగు తెగుతాయి. మా మేనల్లుడు బంతి వచ్చాక తల ఎత్తుతున్నాడు. మట్టి మైదానంలో, నెమ్మది ఆటలో అది బయటపడదు. పై డివిజన్‌లో ఆ అర క్షణమే ఉద్యోగం.

ఆ తరవాత వాడి మ్యాచ్ వెళ్ళిన ప్రతిసారీ వేళ్ళ మీద లెక్క పెట్టాను. బంతి అందుకునేముందు ఎన్నిసార్లు చూశాడు, ఎన్నిసార్లు చూడలేదు. లెక్క మారలేదు. ఫిబ్రవరిలో పెద్ద జట్టు మనుషులు ఇద్దరు వచ్చి గట్టు మీద కూచున్నారు. పుస్తకంలో రాసుకున్న నంబర్లలో వాడిది లేదని వాళ్ళ పక్కనే కూచున్న ముసలాయన ద్వారా తెలిసింది. ఆ మాట నేను వాడికి చెప్పలేదు.

2018 మార్చి 13, మంగళవారం, సెమీఫైనల్ రెండో ఆట. మళ్ళీ గోవాయే. అక్కడ 1-1 చేసుకుని వచ్చారు. టికెట్లు దొరకవేమోనని గోడౌన్ నుంచి రెండు గంటలు ముందే జారుకున్నాను. అర గంట కాకముందే జేజే ఒకటి కొట్టాడు. స్టేడియం ఇంకా కూర్చోలేదు, గణేష్ రెండోది కొట్టేశాడు. అప్పుడు మా వరసలో ఒకాయన, ముక్కూ మొహం తెలియనివాడు, నన్ను వాటేసుకుని "మన ఏరియా పిల్లోడు సార్, మన ఏరియా" అని ఏడ్చేశాడు. చివర్లో జేజే ఇంకొకటి. 3-0. జనం పాటలు పాడుకుంటూ సైడన్‌హామ్స్ రోడ్డంతా నిండిపోయారు.

బస్సు ఎక్కలేకపోయాం. చూళై మీదుగా నడిచాం. వాడు చాలాసేపు గోల్ గురించే మాట్లాడాడు. ఓటేరి వంతెన దగ్గర టీ కొట్టు ఇంకా తెరిచే ఉంది. గ్లాసు చేతికిచ్చి, "అల్లుడూ, ఒకటి చెప్పనా" అన్నాను. చెప్పాను. తల తిప్పడం, వేళ్ళ మీద లెక్క, అంతా.

వాడు టీ ఊదుకుంటూ విన్నాడు. "తెలుసు మామా," అన్నాడు. "కోచ్ రెండేళ్ళ నుంచీ అరుస్తున్నాడు. ప్రాక్టీసులో వస్తుంది, మ్యాచ్‌లో మరిచిపోతా." కాసేపాగి, "అమ్మతో నువ్వు చెప్పొద్దు, నేనే చెబుతా" అన్నాడు. నేను ఇంకా ఏదో సర్దిచెప్పబోయాను. వాడు టీ డబ్బులు ఇచ్చేశాడు. వాడి జేబులోంచి డబ్బులు తియ్యడం నేను చూసింది అదే మొదటిసారి.

శనివారం, 17న, బెంగళూరులో ఫైనల్. ఆ టీ కొట్టులోనే టీవీ పెట్టారు. వీధి వీధంతా అక్కడే. బెంగళూరు ముందు గోల్ కొట్టింది. మైల్సన్ తలతో రెండు, రఫాయెల్ ఒకటి, 3-2తో కప్పు మనది. కుర్రాళ్ళు టపాకాయలు కాల్చారు. మేనల్లుడు అందరికంటే ఎక్కువ ఎగిరాడు. నేను మాత్రం టీవీలో గణేష్ తల ఎప్పుడు కనిపిస్తుందా అని చూస్తూ ఉన్నాను, కెమెరా ఎక్కువగా బంతి వెంటే పోయింది.

ఏప్రిల్‌లో వాడు కంపెనీలో చేరాడు. అక్క నా మీద అలిగింది. "చూసి చెప్పమన్నది నాకు, వాడికి కాదు" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నెల రోజులు మా ఇంటికి రాలేదు, ఉగాది పచ్చడి ఇచ్చిన గిన్నె కూడా పిల్ల చేత పంపించింది. తరవాత తనే వచ్చింది, జీతం కాగితం పట్టుకుని, అందులో పీఎఫ్ ఎంత పట్టారో చదివి చెప్పమని.

జట్టుని మాత్రం వాడు వదల్లేదు. కంపెనీ బస్సు నైట్ షిఫ్టువాళ్ళని పొద్దున ఏడున్నరకి దింపుతుంది. మధ్యాహ్నం దాకా పడుకుని, ఆదివారం మ్యాచ్ ఉంటే వెళ్తాడు. మొన్న ఒకరోజు ఫోన్ చేసి, "మామా, నాలుగింటికి. వస్తావా?" అన్నాడు. వెళ్ళాను. మేకలున్న మైదానం. గట్టు మీద పాత ముసలాళ్ళే, ఒకాయన తగ్గాడు. ఎవరూ అతని పేరెత్తలేదు, చోటు మాత్రం ఖాళీగా వదిలేశారు.

హాఫ్ టైమ్‌కి 1-1. వాడు బంతి అందుకునేముందు నాలుగైదుసార్లు తల తిప్పాడు. నేను వేళ్ళు మడవలేదు, అయినా లెక్క పడుతూనే ఉంది. రెండో సగంలో కాళ్ళు పట్టేసి బయటికొచ్చేశాడు. బూట్లు విప్పి, నా పక్కన కూలబడి, "టీ చెప్పు మామా" అన్నాడు.